పెద్దవాళ్ళ దిగులుకు స్కాను చెప్పేదెంత?

ఇంట్లో పెద్దవాళ్ళు దిగులుగానో గాభరాగానో ఉంటే ముందు తలకు స్కాను తీయించాలా అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటిని ఈ సంచికకు తీసుకున్నాం. మానసిక వైద్యులు, రేడియాలజిస్టు కలిసి జవాబులిచ్చారు. మందుల పేర్లు, మోతాదులు విషయం అర్థం కావడానికే రాశాం. ఈ పేజీ చూపించి షాపులో కొనుక్కోవద్దు.

ప్రశ్న: మా నాయనకు 71 ఏళ్ళు. మూడు నెలలుగా తిండి సరిగా తినడం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు. ‘మీకు బరువైపోయినా’ అంటాడు. ఎంఆర్‌ఐ తీయిస్తే అంతా నార్మల్ అని వచ్చింది. ‘ఏమీ లేదంట గదా, కావాలనే చేస్తా ఉండాడు’ అని మా అన్న కోప్పడుతున్నాడు. తలలో ఏమీ లేకపోతే ఇది జబ్బెట్లా అవుతుంది? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: జబ్బేనమ్మా. తిండి తగ్గడం, తెల్లవారకముందే మెలకువ రావడం, తాను బరువన్న మాట, ఈ మూడూ డిప్రెషన్ ఉందేమోనని చూసేటప్పుడు వైద్యులు మొదట అడిగేవి. ఇట్లాంటివి రెండు వారాలు వరసగా ఉన్నా చాలు, పట్టించుకోవాలంటాం. మీ నాయనకు మూడు నెలలైంది.

ఎంఆర్‌ఐ చూపించేది మెదడు ఆకారం. గడ్డ ఉందా, రక్తం చేరిందా, పాత పక్షవాతం మచ్చ ఉందా, నీరు నిండిందా అన్నవి అందులో తెలుస్తాయి. ఇంటిని ఫొటో తీస్తే గోడలూ కిటికీలూ పడతాయి గానీ లోపలివాళ్ళు మాట్లాడుకునే మాటలు పడవు గదా, ఇదీ అంతే. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో హిప్పోక్యాంపస్ అనే భాగం సగటున కాస్త చిన్నదిగా ఉంటుందని వందలమందిని పోల్చిన పరిశోధనల్లో తేలిన మాట నిజమే. కానీ ఆ తేడా చాలా సన్నది. ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ చిన్న హిప్పోక్యాంపస్ ఉంటుంది, దిగులుతో మంచం పట్టినవాళ్ళలోనూ నిండుగా ఉంటుంది. అందుకే ఒక్క మనిషి ఫిల్మ్ చూసి ‘ఈయనకు డిప్రెషన్ ఉంది’ అని గానీ ‘లేదు’ అని గానీ ఏ రేడియాలజిస్టూ రాయడు. మీ నాయన రిపోర్టులో నార్మల్ అంటే, దిగులులాగా కనిపించే వేరే మెదడు జబ్బు ఆ బొమ్మల్లో దొరకలేదని. నటిస్తున్నాడని కాదు. మీ అన్నకు ఈ పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు చెయ్యాల్సినవి చూద్దాం. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, సోడియం, కాల్షియం, కిడ్నీకి క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. ఒక ఈసీజీ కూడా. థైరాయిడ్ తగ్గినా, బీ12 పడిపోయినా మనిషి అచ్చం ఇట్లాగే నీరసించి కూర్చుంటాడు. వాటిని పట్టుకోవడానికి స్కాను ఖర్చులో కొంత చాలు. నిజానికి ఇవి ఎంఆర్‌ఐ కన్నా ముందే జరగాల్సినవి. తర్వాత మానసిక వైద్యుడి దగ్గర పెద్దవాళ్ళ కోసం ఉన్న 15 ప్రశ్నల డిప్రెషన్ పట్టీ అడిగిస్తారు. 5 దాటితే లోతుగా చూస్తారు. నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ, ఒంగోలు రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఈ వయసులో మందు చిన్న మోతాదుతో మొదలవుతుంది, ఎస్సిటాలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములు, సెర్ట్రలిన్ అయితే 25. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, పెద్దవాళ్ళలో ఒక్కోసారి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండో వారంలోనే ‘పనిచేయలేదు’ అని మానేసేవాళ్ళే మాకు ఎక్కువగా తగులుతారు.

ఇంకొక్క మాట, ఇది వాయిదా వెయ్యొద్దు. ‘బరువైపోయినా’ అన్న మనిషిని పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా నాయనా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉంటే బయటికొస్తుంది. పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన నిద్రమాత్రలు ఇంట్లోనూ కొట్టంలోనూ లేకుండా చూడండి. ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి అదే రోజు తీసుకుపోండి. రాత్రీపగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడే టెలీ మానస్ నంబరు 14416.

ప్రశ్న: మా అమ్మకు 68. బీపీ, షుగర్ పదిహేనేళ్ళుగా ఉన్నాయి. ఏడాదిగా మందకొడిగా ఉంది, టీవీ కూడా పెట్టుకోదు, కూర ఏం చేయాలో తేల్చుకోలేదు. ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ’, ‘క్రానిక్ స్మాల్ వెసల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫ్యాజెకాస్ గ్రేడ్ 2’, ‘మైల్డ్ మ్యాక్సిలరీ సైనసైటిస్’ అని ఉంది. మెదడు ఎండిపోయిందని బంధువులంటున్నారు. మందుల షాపతను ఆస్పిరిన్ వెయ్యమన్నాడు. – ఒంగోలు

జవాబు: మూడో వాక్యం వదిలేయండి. ముక్కు పక్క గదుల్లో పొర కాస్త మందమైతే అట్లా రాస్తారు. సగం రిపోర్టుల్లో ఉంటుందనిపిస్తుంది మాకు! మొదటి వాక్యానికి అర్థం వయసుకు తగినట్టు మెదడు కొద్దిగా తగ్గిందని. 68 ఏళ్ళకు అది జుట్టు నెరవడం కన్నా పెద్ద వార్తేమీ కాదు. అయితే ‘హిప్పోక్యాంపల్’ అనో ‘మీడియల్ టెంపొరల్ అట్రోఫీ’ అనో విడిగా రాసి 0 నుంచి 4 దాకా అంకె వేసి ఉంటే మాత్రం ఆ కాగితం డాక్టరుకు చూపించాలి. మతిమరుపు జబ్బు వైపు చూడాల్సి ఉంటుంది.

మీరు పట్టించుకోవాల్సింది రెండోది. మెదడు లోపలి తెల్ల పదార్థంలోకి వెళ్ళే సన్నని రక్తనాళాలు ఏళ్ళ తరబడి బీపీ, షుగర్, పొగాకు దెబ్బకు గట్టిపడతాయి. అక్కడ రక్తం చాలక ఏర్పడిన చోట్లు ఫ్లేర్ అనే వరస బొమ్మల్లో తెల్లగా మెరుస్తాయి. వాటికి 1987 నుంచి ఫ్యాజెకాస్ అంకెలు వాడుతున్నారు. 0 అంటే లేవు, 1 అంటే అక్కడక్కడా చుక్కలు, 2 అంటే చుక్కలు కలవడం మొదలైంది, 3 అంటే పెద్ద పెద్ద మచ్చలుగా కలిసిపోయాయి. అరవై దాటినవాళ్ళలో 1 ఉండటం మామూలే, దాని మీద ఏ కథా అల్లొద్దు. 2, 3 అయితే అర్థం ఉంటుంది.

ఈ మచ్చలు ముందు మెదడుకూ లోపలి కేంద్రాలకూ మధ్య దారుల్లో పడితే మనిషి ఏడవకపోయినా దేనిమీదా ఆసక్తి లేకుండా, అన్నిటికీ ఆలస్యంగా, ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేకుండా అయిపోతుంది. కూర విషయంలో మీరు రాసింది సరిగ్గా అదే. 1997లో కొందరు మానసిక వైద్యులు దీన్ని వాస్కులర్ డిప్రెషన్ అన్నారు. అయితే మచ్చలున్న అందరికీ దిగులు రాదు, దిగులున్న అందరికీ మచ్చలుండవు. కాబట్టి స్కాను ఒక అనుమానాన్ని బలపరుస్తుంది, నిర్ధారణ మాత్రం మనిషిని చూసే చేయాలి.

ఈ తరహా డిప్రెషన్‌లో మందుకు స్పందన నెమ్మదిగా, కొంచెం తక్కువగా ఉంటుంది. ముందే తెలిస్తే మధ్యలో విసుగెత్తి ఆపరు. మందుతోపాటు పనిని ముక్కలు చేసి ఇవ్వాలి. ‘వంట చేయమ్మా’ అంటే కదలదు. ‘ఈ నాలుగు వంకాయలు తరుగు’ అంటే తరుగుతుంది. రోజూ ఒకే వేళకు ఒకే పని, సాయంత్రం అరగంట నడక. బీపీని గట్టిగా అదుపులో పెట్టినవాళ్ళలో ఈ మచ్చలు పెరగడం నెమ్మదించిందని పరిశోధనల్లో కనపడింది. మా దృష్టిలో ఈ రిపోర్టు నుంచి మీరు తీసుకోవాల్సిన పని ఇదే. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లో మరోసారి బీపీ చూడండి. నిలబడితే పై అంకె 20 తగ్గుతుంటే మాత్ర పెంచే ముందు డాక్టరుకు చెప్పాలి, లేకపోతే పడిపోతుంది. ఎండుచేపలూ ఊరగాయలూ తగ్గించక తప్పదు, మన వైపు అది కష్టమని తెలిసీ చెబుతున్నాం.

ఆస్పిరిన్ సొంతంగా వెయ్యొద్దు. పక్షవాతం గానీ గుండెపోటు గానీ రాకుండా, కేవలం ఈ మచ్చల కోసం దాన్ని వాడితే లాభం తేలలేదు. పైగా డిప్రెషన్‌కు ఇచ్చే చాలా మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఏటా స్కాను తిరగతీయించనక్కర్లేదు. కొత్తగా నడక మారినా, మాట తడబడినా అప్పుడు చూద్దాం.

ప్రశ్న: మా మామయ్యకు 66. చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో వెల్డింగు, గ్రైండింగు పని ముప్పై ఏళ్ళు చేశారు. ఈ మధ్య గుండెదడ, ఊరికే భయం, చేతులు వణకడం. డాక్టరు ఎంఆర్‌ఐ రాశారు. గుండెకు స్టెంటు ఉంది. సొరంగంలాంటి ఆ మిషన్‌లోకి పోనంటే పోనని పట్టుబట్టారు. – ఒక కోడలు, చీమకుర్తి

జవాబు: అన్నిటికన్నా ముందు కంటి సంగతి చెప్పాలి. వెల్డింగు, గ్రైండింగు చేసినవాళ్ళ కంట్లో ఎప్పుడో పడ్డ ఇనుప రజను మిగిలి ఉండొచ్చు, నొప్పి లేకపోయినా సరే. ఎంఆర్‌ఐ అయస్కాంతం దాన్ని కదిలిస్తే చూపు పోవచ్చు. ‘కంట్లో రవ్వ పడి డాక్టరు తీశాడు’ అన్న చరిత్ర ఉంటే స్కాను సెంటరులో తప్పకుండా చెప్పండి. ముందు కంటిగూళ్ళకు ఒక ఎక్స్‌రే తీసి చూస్తారు. అడిగే కాగితంలో ఈ ప్రశ్న ఉంటుంది, కానీ చాలామంది చదవకుండా సంతకం పెట్టేస్తారు.

స్టెంటు ఫరవాలేదు, ఇప్పుడు గుండెకు వేస్తున్న స్టెంట్లతో ఎంఆర్‌ఐ తీయొచ్చు. డిశ్చార్జి కాగితం మాత్రం తీసుకుపోండి. పేస్‌మేకరు అయితే వేరే లెక్క, అది ఎంఆర్‌ఐకి తగిన రకమో కాదో కార్డు చూసి, గుండె డాక్టరు సెట్టింగు మార్చాకే తీయాలి. మెదడులో పాత క్లిప్పు, చెవి లోపల పెట్టిన ఇంప్లాంటు ఉన్నా ముందే చెప్పాలి. శుక్లాల ఆపరేషన్‌లో పెట్టిన లెన్సుతో ఇబ్బంది లేదు. కట్టుడు పళ్ళు, వినికిడి మిషను, ఉంగరం, తాయెత్తు, మొలతాడుకున్న వెండి బిళ్ళ, జేబులో సెల్‌ఫోను, ఏటీఎం కార్డు బయటే పెట్టాలి. ఆడవాళ్ళయితే మెట్టెలు, జడపిన్నులు, జాకెట్‌కు పెట్టిన పిన్నీసులు. మంగళసూత్రం తియ్యనని చివరి నిమిషంలో గొడవ పడకుండా ఇంటి దగ్గరే మాట్లాడుకుని, పసుపుతాడు కట్టుకుని రావడం మేలు.

భయం సంగతి. తలకు తీసేటప్పుడు మనిషి నడుము దాకా లోపలికి పోతాడు, కాళ్ళు బయటే ఉంటాయి. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. ఒక్కో వరస మూడు నాలుగు నిమిషాలు, మధ్యలో చప్పుడు ఆగుతుంది. దగ్గు, గుటక, గొంతు సవరించుకోవడం ఆ విరామంలోనే. చప్పుడు పెద్దదే గనక చెవులకు బిరడాలు ఇస్తారు. చేతిలో రబ్బరు బంతి పెడతారు, నొక్కితే బయటికి లాగుతారు. ఆ సంగతి మామయ్యకు ముందే చూపించి చెప్పండి. బయటపడే దారి తన చేతిలోనే ఉందని తెలిస్తే సగం గాభరా దిగిపోతుంది. నాలుగు రోజుల ముందు నుంచి ఇంట్లో తుండు కళ్ళమీద కప్పుకుని, వెల్లకిలా, కదలకుండా 20 నిమిషాలు పడుకోవడం అలవాటు చెయ్యండి. ఆ పూట కాఫీ వద్దు. లోపలికి పోయేముందు మూత్రానికి పోయి రావాలి. నీళ్ళు పోయే బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు ఆ పూట ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్ని అడగాలి. మోకాళ్ళ కింద దిండు అడిగి పెట్టించుకోండి. కళ్ళు లోపలికి పోకముందే మూసుకుని, బయటికొచ్చాకే తెరవాలి. మెటల్ ఏమీ లేకపోతే ఇంట్లోవాళ్ళను పక్కన నిలబడనిస్తారు, పాదం పట్టుకుని ఉండండి. రంగు మందు ఎక్కించకపోతే, మత్తు ఇవ్వకపోతే పస్తుండక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళు వేళకు తినే రావాలి.

ఇంత చేసినా కుదరకపోతే డాక్టరే చిన్న మోతాదు మత్తుమాత్ర రాస్తారు. ఇంట్లో ఎవరిదో ఆల్‌ప్రజోలామ్ మింగించి తీసుకురాకండి. ఆయాసం, నిద్రలో గురకతో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. పెద్దవయసులో తూలి పడటం, తికమకపడటం కూడా ఉంటుంది. కదిలితే బొమ్మ చెదిరి సన్న మచ్చలు కనపడవు, డబ్బు దండగ.

కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళతో మెడా వెన్నూ బిగుసుకుపోయినవాళ్ళది వేరే తంటా. వాళ్ళు వెల్లకిలా చదునుగా పడుకోలేరు. సెంటరుకు ముందే చెబితే దిండ్లతో సర్దుతారు. అదీ కుదరకపోతే ఎక్స్‌రే కిరణాలతో తీసే సీటీ స్కానుతో సరిపెట్టడం మంచిది.

ఇంతకీ మామయ్య గుండెదడకు థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ అయ్యాయా? అరవై దాటాక మొదటిసారి వచ్చిన గాభరాకు ఇవి చూడకుండా స్కానుకు పోకూడదు. ఆయాసానికి పీల్చే మందు ఎక్కువైనా, షుగర్ పడిపోయినా దడ, వణుకు వస్తాయి. ఒక చెయ్యే వణుకుతూ, నడక చిన్నదవుతుంటే పార్కిన్సన్ జబ్బు చూడాలి. అందులో గాభరా, దిగులు వణుకు కన్నా ముందే రావొచ్చు. మామూలు ఎంఆర్‌ఐ మాత్రం చాలావరకు నార్మల్‌గానే ఉంటుంది.

ప్రశ్న: మా అవ్వకు 78. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంది. నెల కింద బాత్‌రూములో జారిపడింది, దెబ్బ పెద్దగా తగల్లేదు. పది రోజులుగా మాట తగ్గించి మగతగా కూర్చుంటుంది. దిగులు మాత్రలు ఇచ్చారు. ఇంకో రెండు వారాలు చూద్దామా? – నెల్లూరు

జవాబు: చూడొద్దు. ఈరోజే సీటీ తీయించండి. వయసుతో మెదడు తగ్గి, దాని పైపొరకు పోయే సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే చిట్లి వారాల తరబడి రక్తం మెల్లగా చేరుతుంది. దీన్నే సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. పైకి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. సీటీ కొన్ని నిమిషాల పని. చీటీలో పడిన తేదీ, మాత్రల పేరు తప్పకుండా రాయించండి, ఎందుకంటే ఒకటి నుంచి మూడు వారాల మధ్య ఆ రక్తం మెదడు రంగులోనే కలిసిపోయి కంటికి ఆనదు. పడిందని తెలిస్తే రేడియాలజిస్టు ఆ చూపుతో వెతుకుతాడు. రేడియేషన్ భయం ఇక్కడ పెట్టుకోవద్దు.

ప్రశ్న: అమ్మకు 70. బీపీకి టెల్మిసార్టన్ హెచ్ వాడుతుంది. దిగులుకు ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టిన పన్నెండో రోజు నుంచి తూలుతోంది, పొంతన లేకుండా మాట్లాడుతోంది. ముందు తీసిన స్కాను బాగానే ఉంది. మళ్ళీ తీయించమంటున్నారు. – ఆత్మకూరు

జవాబు: ముందు సోడియం పరీక్ష, ఈ పూటే. ఉండాల్సింది 135 నుంచి 145. ఆ బీపీ మాత్ర పేరు చివరి ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఉప్పును మూత్రంలో పోగొడుతుంది. ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో నీరు నిలవ ఉండేట్టు చేస్తుంది. ఈ రెండూ పెద్దవయసు ఆడవాళ్ళలో కలిస్తే సోడియం మొదటి రెండు నుంచి నాలుగు వారాల్లో జారిపోవచ్చు. అందుకే మందు మొదలయ్యే ముందు ఒకసారి, ఒకటి రెండు వారాలకు మరోసారి చూడాలి. 125 కన్నా తగ్గితే ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ఉప్పునీళ్ళు తాగించొద్దు, లోటాల కొద్దీ మంచినీళ్ళూ వద్దు. సెలైన్‌తో కూడా మెల్లగానే పెంచుతారు. 24 గంటల్లో 8 నుంచి 10 మించి పెరిగితే మెదడు కాండంలో నరాల పొర దెబ్బతినొచ్చు. సోడియం బాగుండి, ఒకవైపు బలం తగ్గితేనో ఫిట్స్ వస్తేనో అప్పుడు స్కాను.

ప్రశ్న: సిటీలో పెట్ స్కాన్, ఫంక్షనల్ ఎంఆర్‌ఐ, బ్రెయిన్ మ్యాపింగ్ చేసి ఏ మందు పనిచేస్తుందో చెబుతారట. నాన్నను తీసుకెళ్ళమంటారా? – పొదిలి

జవాబు: దిగులు కోసమే అయితే వద్దు. మెదడు పనిచేసే తీరును చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐలో పరిశోధకులు చూసే తేడాలు ఎంతోమంది బొమ్మలు కలిపి సగటు తీస్తే తేలేవి, మీ నాన్న ఒక్కరి బొమ్మ చూసి మందు ఎంచే పద్ధతి వైద్యంలో ఇంకా స్థిరపడలేదు. రంగురంగుల మ్యాపు కాగితం చూడ్డానికి బాగుంటుంది, అంతే.

మెదడులో ఏ భాగం చక్కెరను ఎంత వాడుకుంటోందో చూపే పెట్‌కు ఒక న్యాయమైన పని ఉంది. డిప్రెషన్ అనుకున్నది నిజానికి మతిమరుపు జబ్బేమో తేలనప్పుడు, ముఖ్యంగా మనిషి స్వభావమే మారి, సిగ్గూ బిడియం పోయి, తీపి కోసం ఎగబడుతుంటే, ఫ్రాంటోటెంపొరల్ రకమా ఆల్జీమరా అని విడదీయడానికి నరాల డాక్టరు రాస్తారు. 4 నుంచి 6 గంటలు పస్తుండాలి, షుగర్ 200 లోపు ఉండాలి, సూది వేశాక చీకటి గదిలో మాటామంతీ లేకుండా ఉండాలి.

ప్రశ్న: మా పెద్దమ్మకు కరెంటు వైద్యం చేస్తామని ముందు స్కాను అడిగారు. ఎందుకు? – ఉదయగిరి

జవాబు: ఈసీటీ అనే ఆ వైద్యంలో కొద్దిసేపు తలలో ఒత్తిడి పెరుగుతుంది. లోపల గడ్డ, కొత్త రక్తస్రావం లాంటివి ఉంటే ప్రమాదం కనుక చూసుకుంటారు. తిండి మానేసి, మందులకు లొంగని డిప్రెషన్‌లో పెద్దవాళ్ళకు ఇది బాగా పనిచేసే వైద్యం. మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా చెయ్యడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. సినిమాల్లో చూపించేట్టు ఉండదు.

ప్రశ్న: మేమే సెంటరుకు పోయి ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా? 3 టెస్లా మిషనే కావాలా? – కందుకూరు

జవాబు: టెస్లా అంటే మిషన్ అయస్కాంతం బలానికి కొలత. 1.5 టెస్లా చాలు. చీటీ లేకుండా పోవద్దు, చీటీలో ‘తలనొప్పి’ అని ఒక్క మాటే రాసి ఉన్నా పోవద్దు. అరవై తర్వాత మొదటిసారి దిగులు, ఎన్ని నెలలు, మరుపు ఉందా, పడ్డారా, నడక మారిందా, మూత్రం తెలియకుండా పోతోందా, బీపీ, షుగర్, వాడే మందులు, ఇవన్నీ రాయించండి. ‘ఫ్లేర్, డిఫ్యూజన్, సన్న రక్తస్రావాలు చూపే వరస, హిప్పోక్యాంపస్ అడ్డకోత బొమ్మలు’ అని డాక్టరు చేత అడిగించండి. అడగకపోతే తీయరు, తర్వాత మళ్ళీ డబ్బు. రంగు మందు సాధారణంగా అక్కర్లేదు. గడ్డ అనుమానం ఉండి అడిగితే కిడ్నీ పరీక్ష చూశాకే ఎక్కిస్తారు. ఫిల్ములతోపాటు సీడీ కూడా అడిగి తీసుకుని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేసిన ఫిల్ము నల్లబడి ఎందుకూ పనికిరాకుండా పోతుంది.